న్యాయం, మనిషి గౌరవం: టీ గ్లాసు దగ్గర మొదలైన కొన్ని ప్రశ్నలు

డిగ్రీ విద్యార్థులకు, గ్రూప్స్‌కు చదివేవాళ్లకు కొన్నేళ్లు ఈ పాఠం చెప్పాను. క్లాసులో వాళ్లు పదే పదే అడిగిన ప్రశ్నలే ఇవి. సిలబస్ వరుసలో లేవు. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, కొన్నిటికి నాలుగు ముక్కలు చాలనిపించింది.

న్యాయం అంటే కోర్టు ఇచ్చేదే కదా? దానికి మళ్లీ సిద్ధాంతం ఎందుకు?

"ఇదేం న్యాయం?" అని మనం రోజుకు నాలుగుసార్లు అంటాం. కొడుక్కి ఇల్లు రాసి కూతురికి గిన్నెలు సర్దినా అంటాం, రేషన్ క్యూలో వెనక వచ్చినవాడు ముందుకు దూరినా అంటాం. అక్కడ కోర్టు లేదు, లాయరు లేడు. చట్టం ఏం చెబుతోంది అన్నది ఒక ప్రశ్న. చట్టం అలా చెప్పడం సబబేనా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండోదాని వెంట పడేదే న్యాయ సిద్ధాంతం.

మన దగ్గరి ఉదాహరణే చూడండి. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్లకు పుట్టుకతో హక్కు ఉండేది కాదు. ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చింది. దేశం మొత్తానికి 2005లో వచ్చింది. అంతకుముందు ఆడపిల్లకు వాటా ఎగ్గొట్టినవాడు చట్టాన్ని ఏమీ మీరలేదు. అయినా అన్యాయమే చేశాడని ఇప్పుడు అంటున్నాం. ఏ కొలబద్దతో అంటున్నాం? ఆ కొలబద్ద గురించే ఈ చర్చంతా.

అరిస్టాటిల్ ఎప్పుడో దీన్ని రెండుగా విడదీశాడు. ఉన్నదాన్ని నలుగురికీ ఎలా పంచాలన్నది ఒకటి, చెడిపోయిన లెక్కను ఎలా సరిదిద్దాలన్నది రెండోది. కోర్టుల్లో మనకు ఎక్కువగా కనిపించేది రెండోది. తత్వవేత్తలు ఎక్కువగా కొట్టుకునేది మొదటిదాని మీద.

ఇన్ని సిద్ధాంతాలు ఎందుకు? అందరూ ఒప్పుకునేది ఒక్కటి లేదా?

ఆర్థికవేత్త అమర్త్య సేన్ 2009లో రాసిన పుస్తకంలో ఒక చిన్న కథ చెబుతాడు. ఒక వేణువు, ముగ్గురు పిల్లలు. ఒకరికే వాయించడం వచ్చు. ఇంకొకరు ఆడుకోవడానికి ఏ బొమ్మా లేని పేద పిల్లవాడు. మూడో అమ్మాయి నెలల తరబడి కష్టపడి ఆ వేణువును తయారు చేసింది. ఎవరికివ్వాలి?

క్లాసులో చేతులు ఎత్తమంటే ప్రతిసారీ మూడు గుంపులయ్యేవి. వ్యవసాయ కుటుంబాల పిల్లలు చాలామంది "చేసినామెకే" అనేవాళ్లు. ఎవరి వాదనా తెలివితక్కువది కాదు. సేన్ చెప్పేదీ అదే: సంపూర్ణ న్యాయం ఎలా ఉంటుందో తేలేదాకా ఆగనక్కర్లేదు, కళ్ల ముందు కనబడే అన్యాయాన్ని తగ్గించడానికి ఆ చర్చ ముగియాల్సిన పని లేదు. దీనికి ఆయన మన పాత మాటలే వాడుకున్నాడు. నియమాలు, సంస్థలు సరిగ్గా ఉండటం 'నీతి'. వాటివల్ల జనం బతుకు నిజంగా ఎలా ఉందన్నది 'న్యాయం'. పెద్ద చేప చిన్న చేపను మింగే మత్స్యన్యాయం నడుస్తున్నచోట సంస్థలు ఎంత చక్కగా ఉన్నా లాభం లేదంటాడు.

ఎక్కువమందికి మేలు జరిగితే అదే న్యాయం కదా?

బెంథామ్, మిల్ అనే ఇంగ్లండ్ తత్వవేత్తలు చెప్పింది దాదాపు ఇదే. వాళ్లను తేలిగ్గా కొట్టిపారేయకండి. జమీందారు సుఖాన్నీ కూలివాడి సుఖాన్నీ ఒకే తక్కెడలో, ఒకే బరువుతో తూచాలనడం వాళ్ల కాలానికి చిన్న మాట కాదు.

చిక్కు ఎక్కడంటే, కూడికలో మనిషి కనిపించడు. శ్రీశైలం ప్రాజెక్టు వల్ల ఎన్ని లక్షలమందికి కరెంటు, నీళ్లు వచ్చాయో లెక్క వేస్తే మేలే తేలుతుంది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊళ్లు మునిగినవాళ్లు అదే లెక్కలో 'ఖర్చు' కాలమ్‌లో ఉంటారు. నిర్వాసితుల కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న జీవో 98 చేతబట్టుకుని వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది ఒక ఏడాదో రెండేళ్లో కాదు. మొత్తం మీద లాభమే వచ్చింది కదా అనే మాట నష్టపోయినవాడి ముఖం మీద అనగలమా? అనలేకపోతున్నామంటే, లెక్కలో ఏదో తప్పిపోయింది.

రాల్స్ చెప్పిన 'తెర' ఏమిటి? అది జరిగే పనేనా?

జాన్ రాల్స్ అమెరికన్ తత్వవేత్త. ఆయన పెద్ద పుస్తకం 1971లో వచ్చింది. ఆయన ఆలోచనకు మన ఇళ్లలో ఒక పాత రూపం ఉంది. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పెద్దవాడు భాగాలు వేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. తనకు ఏది మిగులుతుందో తెలియదు కాబట్టి పెద్దవాడు మెట్టా మాగాణీ సరితూచి వేస్తాడు. బోరు ఉన్న చెక్క అంతా ఒకే కుప్పలో పెట్టడు.

రాల్స్ దీన్ని సమాజం మొత్తానికి సాగదీశాడు. మీరు పుట్టబోయే సమాజానికి మీరే నియమాలు రాయాలి. అయితే ఏ ఇంట్లో, ఏ కులంలో, ఆడా మగా, కళ్లున్నవాళ్లుగానా లేనివాళ్లుగానా, తెలివితేటలు ఏపాటి అన్నది మీకు తెలియదు. ఆ తెలియనితనమే తెర. దాని వెనక కూర్చుని రాస్తే రెండు సూత్రాలు తేలుతాయన్నాడు. మాట్లాడే స్వేచ్ఛ, ఓటు వంటి మౌలిక స్వేచ్ఛలు అందరికీ సమానంగా ఉండాలి, వాటిని డబ్బుకు మార్చుకోకూడదు. ఆదాయంలో, పదవుల్లో తేడాలు ఉండొచ్చు. కానీ ఆ పదవులు అందరికీ నిజంగా అందుబాటులో ఉండాలి, ఆ తేడాల వల్ల అందరికంటే కిందున్నవాడి బతుకు మెరుగుపడాలి.

"నేను రిస్క్ తీసుకుంటాను సార్, దొరగా పుడితే పంట పండినట్టే" అన్నాడు ఒక కుర్రాడు. రాల్స్ మీద ఆర్థికవేత్తలు వేసిన ప్రశ్నా ఇదే. ఆయన జవాబు: ఇది లాటరీ టికెట్ కాదు, తిరిగి మార్చుకోలేని ఒకే ఒక్క జన్మ, పైగా మీ పిల్లల బతుకు కూడా మీరే పందెం కాస్తున్నారు.

జరిగే పనేనా అంటే, ఎవరూ నిజంగా తెర వెనక కూర్చోలేరు. అది ఆలోచనకు ఒక పరికరం మాత్రమే. నాకైతే రిజర్వేషన్ల మీద మాట్లాడేటప్పుడు బాగా పనికొచ్చింది. "నువ్వు ఏ ర్యాంకుతో పుడతావో తెలియకపోతే ఏ రూలు రాస్తావు?" అని అడిగితే అరుపులు కాస్త తగ్గేవి. పూర్తిగా ఆగేవి కాదనుకోండి.

నోజిక్ దీన్ని ఎందుకు ఒప్పుకోలేదు?

1974లో రాబర్ట్ నోజిక్ అనే మరో అమెరికన్ తత్వవేత్త రాల్స్‌కు జవాబు రాశాడు. ఆయన ఉదాహరణ విల్ట్ చాంబర్లిన్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు. జనం ఇష్టపడి ఒక్కొక్కరూ 25 సెంట్లు అతని కోసం ఇస్తారు. సీజన్ ముగిసేసరికి అతను ధనవంతుడు. ఎవరినీ మోసం చేయలేదు, కొట్టి లాక్కోలేదు. అందులో అన్యాయం ఎక్కడుంది? ఆస్తి న్యాయంగా వచ్చి, న్యాయంగా చేతులు మారితే ఆ తర్వాత ఎవరి దగ్గర ఎంతుందన్నది అడగకూడదంటాడు.

గట్టి వాదనే. కానీ ఆయన సొంత షరతే ఆయనకు అడ్డం వస్తుంది: మొదట న్యాయంగా వచ్చి ఉండాలి. నిజాం కాలపు తెలంగాణలో దేశ్‌ముఖ్‌ల చేతిలో వేల ఎకరాలు ఎలా చేరాయో తెలిసినవాళ్లు ఆ షరతు దగ్గరే ఆగిపోతారు. పాత అన్యాయాన్ని సరిదిద్దాలని నోజిక్ కూడా ఒప్పుకున్నాడు. ఎలాగన్నది మాత్రం పెద్దగా చెప్పలేదు.

సరే, ఇదంతా పంపకం. మనిషి గౌరవం ఇందులోకి ఎక్కడి నుంచి వచ్చింది?

జర్మన్ తత్వవేత్త ఇమాన్యుయెల్ కాంట్ దగ్గర నుంచి. 1785లో ఆయన ఒక తేడా చూపించాడు. కొన్నిటికి ధర ఉంటుంది, వాటి స్థానంలో అదే ధర చేసే మరొకటి పెట్టొచ్చు. ఎద్దు పోతే ఇంకో ఎద్దును కొంటాం. మనిషి అలా కాదు, ధరకు అతీతం. అందుకే మనిషిని కేవలం ఒక సాధనంగా వాడకూడదన్నాడు.

'కేవలం' అన్న మాటను పిల్లలు తరచూ వదిలేస్తారు. ఆటో ఎక్కితే డ్రైవర్‌ను మనం ఊరు చేరడానికి వాడుకుంటున్నట్టే. అది తప్పు కాదు. అతనికీ ఒక ఇష్టం, ఒక బేరం, కాదనే హక్కు ఉన్నాయి. తప్పు ఎక్కడ మొదలవుతుందో తెలుగులో చక్కటి మాట ఉంది: "వాడుకుని వదిలేశారు."

ఉగ్రవాదులు హైజాక్ చేసిన విమానాన్ని కూల్చేయొచ్చా?

జర్మనీలో నిజంగానే ఈ ప్రశ్న వచ్చింది. జనాన్ని చంపడానికి వాడబోతున్న విమానాన్ని కూల్చే అధికారం సైన్యానికి ఇస్తూ చట్టం చేశారు. 2006 ఫిబ్రవరిలో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. లోపలున్న అమాయక ప్రయాణికులను, బయటి వాళ్లను కాపాడటానికి పనికొచ్చే వస్తువుల్లా చూడటం కుదరదంది. నాజీల కాలం చూసిన దేశం అది. మనిషి గౌరవానికి భంగం కలగరాదన్నదే 1949 నాటి వాళ్ల రాజ్యాంగంలో మొదటి అధికరణం. బెంథామ్ అయితే తలలు లెక్కపెట్టి కూల్చమనేవాడు. నా వరకు నేను ఏ పక్షమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పరువు, మర్యాద, గౌరవం, ఆత్మగౌరవం: ఇవన్నీ ఒకటేనా?

కాదు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే డిగ్నిటీ అన్నదానికి తెలుగులో సరిగ్గా అతికే మాట లేక సగం గందరగోళం పుడుతోంది.

పరువు అంటే నలుగురి దృష్టిలో మన స్థానం. నలుగురూ ఇచ్చేది కాబట్టి నలుగురూ తీసేసుకోగలరు. అప్పులవాడు గుమ్మంలో నిలబడి అరిస్తే పోతుంది, కూతురు వేరే కులంవాణ్ణి పెళ్లాడితే పోతుంది. అలా పోయిందనుకున్నదాని కోసం కన్నబిడ్డనే చంపితే పత్రికలు 'పరువు హత్య' అని రాస్తాయి. తండ్రి తనకు పోయిందనుకున్నది పరువు. ఆ అమ్మాయికి ఉన్నది, ఆమె నచ్చినవాణ్ణి ఎంచుకోగలగడంలో ఉన్నది, ఇంకొకటి. ఈ పేజీలో గౌరవం అంటున్నది ఆ రెండోదాన్ని. అది సంపాదించేది కాదు, పోగొట్టుకునేదీ కాదు. హంతకుడికి కూడా ఉంటుంది. అందుకే ఖైదీలకు మామూలుగా బేడీలు వేసి తిప్పడం అమానుషమని మన సుప్రీంకోర్టు 1980లో చెప్పింది.

మర్యాద అంటే మనం చేసేది. ఎదురెళ్లడం, కుర్చీ వేయడం, మంచినీళ్లివ్వడం. లోపల గౌరవం లేకుండా కూడా చేయొచ్చు.

విచిత్రం ఏమిటంటే డిగ్నిటీకి మూలమైన లాటిన్ మాటకు కూడా మొదట హోదా అనే అర్థం. రోమ్‌లో సెనేటర్‌కు ఉండేది, బానిసకు ఉండేది కాదు. అది అందరిదీ ఎలా అయింది? జెరెమీ వాల్డ్రన్ అనే న్యాయ తత్వవేత్త చెప్పేది నాకు నచ్చుతుంది: పెద్దవాళ్ల హోదాను కిందికి లాగలేదు, అందరినీ ఆ హోదాకు ఎక్కించారు. దీన్ని తెలుగువాడికి వివరించడానికి ఒక్క మాట చాలు. మీరు. దొరగారి పదేళ్ల పిల్లవాడు డెబ్బై ఏళ్ల పాలేరును "ఒరే" అనేవాడు, ఆ ముసలాయన పిల్లవాణ్ణి "అయ్యా" అనేవాడు. ఇద్దరినీ సమానం చేయడానికి రెండు దారులు. అందరినీ ఒరే అనడం ఒకటి, అందరినీ మీరు అనడం ఒకటి. వాల్డ్రన్ చెప్పేది రెండో దారి.

ఇక ఆత్మగౌరవం. 1982లో తెలుగుదేశం పుట్టినప్పుడు తెలుగువారి ఆత్మగౌరవం అన్నారు, తర్వాత తెలంగాణ ఉద్యమం కూడా ఆ మాటనే ఎత్తుకుంది. ఒక సమూహాన్ని చులకన చేస్తే అందులోని ప్రతి మనిషికీ తగులుతుందన్నది నిజమే. కానీ సభలో జాతి ఆత్మగౌరవం గురించి గొంతు చించుకుని, ఇంటికొచ్చి జీతగాణ్ణి "ఒరే" అనేవాళ్లను నేను చూశాను.

ఎవరి వాటా వాళ్లకు సరిగ్గా అందితే చాలదా?

నా ఉద్దేశంలో అసలు ప్రశ్న ఇదే.

రెండు గ్లాసుల పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ఊరి టీ కొట్టులో అందరికీ టీ ఒకటే, ధర ఒకటే, కొలత ఒకటే. కాకపోతే దళితులకు వేరే గ్లాసు. ఒక పక్కన పెట్టి ఉంటుంది, తాగి వాళ్లే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. డిస్పోజబుల్ కప్పులు వచ్చాక కొన్నిచోట్ల అదే పద్ధతి కొత్త రూపం ఎత్తింది: వాళ్లకు ప్లాస్టిక్, మిగతావాళ్లకు గాజు. పంపకం మాత్రమే చూసే సిద్ధాంతం చేతికి ఈ కొట్టు లెక్కల పుస్తకం ఇవ్వండి. పైసా తేడా దొరకదు. అన్యాయం మాత్రం గ్లాసులో ఉంది.

ఏ న్యాయ సిద్ధాంతాన్నైనా నేను ఈ గ్లాసు ముందు పెట్టి చూస్తాను. బెంథామ్ తక్కెడ, తాగేవాడి బాధ ఒకవైపు, చూసేవాళ్ల సంతృప్తి ఒకవైపు వేసి తూచాలంటుంది. అలా తూచడమే తప్పు అనిపించడం లేదూ? నోజిక్ అయితే కొట్టు అతనిది, గ్లాసు అతనిది, ఇష్టం లేకపోతే వేరే కొట్టుకు వెళ్లమనాలి. ఊళ్లో వేరే కొట్టు లేదు, ఉన్నా అక్కడా రెండు గ్లాసులే. రాల్స్ కాస్త నయం. డబ్బు, అవకాశాలతో పాటు మనిషి తనను తాను గౌరవించుకోవడానికి కావలసిన సామాజిక ఆధారాలను కూడా పంచాల్సినవాటిలో చేర్చాడు, బహుశా అన్నిటికంటే ముఖ్యమైనది అదేనన్నాడు.

గ్లాసును నేరుగా చూసినవాడు ఇజ్రాయెల్ తత్వవేత్త అవిషాయ్ మార్గలిట్. సంస్థలు మనుషులను అవమానించని సమాజమే మర్యాదగల సమాజం అంటాడాయన. ఆకలితో ఉన్నవాళ్లకు లారీ మీద నుంచి తిండి విసిరితే, ప్రతి ఒక్కరికీ వాటా అందేలా జాగ్రత్తపడినా, కుక్కలకు విసిరినట్టే ఉంటుందని ఆయన ఉదాహరణ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు డ్రోన్లతో, హెలికాప్టర్లతో ఆహార పొట్లాలు జారవిడిచారు. అది అవమానం కాదు, వేరే దారి లేదు. పక్కనే నిలబడి చేతికివ్వగలిగి కూడా విసిరితే అది అవమానం. చేరిన పొట్లం రెండుచోట్లా ఒకటే.

అంబేడ్కర్‌ను ఏ సిద్ధాంతం కింద చదవాలి?

ఏ కిందా వద్దు, విడిగా చదవండి. మన పాఠ్య పుస్తకాలు ఆయన్ను రాజ్యాంగ నిర్మాతగా చెప్పి వదిలేస్తాయి.

ఆయన చూపించింది మామూలు అసమానత కాదు, అంచెలంచెల అసమానత. పైనొకడు కిందొకడు అయితే కిందివాళ్లంతా ఏకం కావచ్చు. మెట్ల వరుస అలా కానివ్వదు, ఎందుకంటే దాదాపు ప్రతివాడికీ చులకన చేయడానికి ఇంకో మెట్టు కింద దొరుకుతుంది. పైకి పోయేకొద్దీ భక్తి, కిందికి దిగేకొద్దీ ఏవగింపు. గమనించండి, ఆయన పంపకం గురించే మాట్లాడుతున్నాడు, కానీ పంచబడుతున్నది డబ్బు కాదు, గౌరవం.

1927లో మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడానికి వేలమందితో నడిచాడు. ఆ నీళ్లు తాగకపోతే చచ్చిపోతామని కాదు, మేమూ మనుషులమేనని నిలబెట్టడానికి అని అప్పుడే స్పష్టంగా అన్నాడు. దాదాపు అరవై ఏళ్ల తర్వాత, 1985 జూలైలో, ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మంచినీళ్ల చెరువును మురికి చేయొద్దన్నందుకు మొదలైన గొడవ దళితుల ఊచకోతతో ముగిసింది. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనక కారంచేడు వంటి ఘటనలున్నాయి. ఆ చట్టం చదివితే ఒక సంగతి తెలుస్తుంది. దెబ్బలు, దోపిడీలతో పాటు, నలుగురి ముందు కావాలని అవమానించడం కూడా అందులో నేరమే.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన ప్రసంగంలో, రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒకే విలువ అంటూ సామాజిక, ఆర్థిక జీవితంలో దాన్ని కాదంటే ఎన్నాళ్లు నిలుస్తుందని హెచ్చరించాడు. రాజ్యాంగ ప్రవేశికలో వ్యక్తి గౌరవం సౌభ్రాతృత్వం పక్కన ఉండటం ఊరికే జరగలేదు. స్వేచ్ఛను, సమానత్వాన్ని చట్టం ఇవ్వగలదు. పక్కవాడి గ్లాసులో టీ తాగమని చట్టం ఎంతవరకు చెప్పగలదు?

రాజ్యాంగంలో గౌరవంగా బతికే హక్కు అని ఎక్కడుంది?

21వ అధికరణంలో ఆ మాట లేదు. జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛ అని మాత్రమే ఉంది. కోర్టులు తీర్పు తీర్పుగా దాన్ని నింపుకుంటూ వచ్చాయి.

1962 నాటి ఖరక్ సింగ్ కేసు నుంచి మొదలెడదాం. పోలీసులు అర్ధరాత్రి ఇంటి తలుపు కొట్టి అతను ఉన్నాడో లేడో చూసి పోయేవాళ్లు. రాత్రి సోదాలు చెల్లవన్నారు గానీ, గోప్యత అనే హక్కే రాజ్యాంగంలో లేదని ఎక్కువమంది జడ్జీలు తేల్చారు. ఒప్పుకోనివాడు జస్టిస్ కోకా సుబ్బారావు, మన రాజమండ్రి మనిషి. ఎవరి కంటా పడకుండా తన ఇంట్లో తను ఉండగలగడం స్వేచ్ఛలో భాగమేనని విడిగా తీర్పు రాశాడు. 2017లో తొమ్మిదిమంది జడ్జీలు పుట్టస్వామి కేసులో ఆ విడి తీర్పు వైపే నిలిచారు. అందుకు యాభై అయిదేళ్లు పట్టింది.

1981లో ఫ్రాన్సిస్ కొరాలీ కేసు. నిర్బంధంలో ఉన్న ఒక విదేశీ మహిళ తన లాయరునూ కూతురినీ కలుసుకోవడానికి పెట్టిన ఆంక్షల మీద. జీవించడమంటే జంతువులా ఊపిరి పీల్చుకోవడం కాదు, తిండి, బట్ట, నీడతో గౌరవంగా బతకడం అని అందులోనే వచ్చింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1982 నాటి ఏషియాడ్ కేసు. ఢిల్లీలో ఆటల కోసం స్టేడియాలు కట్టే కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసలు రావాలి. మేస్త్రీ ఒక్క రూపాయి కమీషన్ కింద కోసుకునేవాడు. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం వెట్టి చాకిరేనని, 23వ అధికరణానికి విరుద్ధమని కోర్టు చెప్పింది. వాళ్లంతట వాళ్లే వచ్చి చేశారు కదా అంటే, ఆకలి తోసిన మనిషిని ఇష్టపడి వచ్చాడనలేం అంది. ఒక్క రూపాయి దగ్గర పంపకమూ గౌరవమూ కలిసిపోయాయి.

మ్యాన్‌హోల్‌లో చనిపోతే పరిహారం ఇస్తున్నారు కదా, అది న్యాయం కాదా?

2014లో సుప్రీంకోర్టు ఒక్కో మరణానికి 10 లక్షలన్నది, 2023లో 30 లక్షలు చేసింది. అరిస్టాటిల్ భాషలో ఇది సరిదిద్దే న్యాయం, ఆ కుటుంబానికి అవసరం కూడా. కానీ కాంట్ ప్రశ్న అలాగే ఉంటుంది: ఆ సొమ్ము పరిహారమా, ధరా? ధరైతే, కట్టేసి మళ్లీ దింపొచ్చు.

మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొకటి వచ్చాయి. వాటి అమలు కోసం పట్టుబట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ అనే ఉద్యమం వెనక ఉన్నవాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. కోలార్ బంగారు గనుల దగ్గర ఇదే పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఒకరు, 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. మరొకరు వెట్టి విముక్తి కోసం పనిచేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్. విల్సన్ అడిగేది పెద్ద జీతం, మంచి గ్లవుజులు కాదు. ఆ పని మనిషి చేయకూడదన్నదే ఆయన పట్టు. పంపకం భాషలో ఆ కోరికను చెప్పడానికి చోటే లేదు.

ఆ మనిషికే ఇష్టమైతే మధ్యలో మనకేంటి?

ఫ్రాన్స్‌లో ఒక వినోదం ఉండేది. పొట్టిగా ఉన్న ఒక వ్యక్తిని ఎవరు ఎక్కువ దూరం విసురుతారో పోటీ. పారిస్ దగ్గర ఒక ఊరి మేయర్ దాన్ని నిషేధించాడు. మనిషి గౌరవానికి విరుద్ధమని 1995లో అక్కడి పెద్ద పరిపాలనా న్యాయస్థానం నిషేధాన్ని సమర్థించింది. విసిరించుకునే మనిషి మాత్రం కేసు ఐక్యరాజ్యసమితి కమిటీ దాకా తీసుకెళ్లాడు. నాకు వేరే ఉద్యోగం ఇచ్చేవాళ్లు లేరు, ఉద్యోగం ఉండటమే నా గౌరవం అన్నాడు. 2002లో అక్కడా ఓడిపోయాడు.

మన సుప్రీంకోర్టు 2013లో ముంబై డ్యాన్స్ బార్ల కేసులో ఇంకో దారి పట్టింది. గౌరవం కాపాడతామని నిషేధం పెట్టి ఆ ఆడవాళ్ల పొట్ట కొట్టారని ప్రభుత్వాన్ని తప్పుబట్టింది. నాకు ఈ రెండో దారే సబబనిపిస్తుంది. ఎదుటివాడి గౌరవాన్ని మనమే నిర్ణయించి, వాడి ఉపాధి తీసేసి, వేరే ఉపాధి చూపించకపోతే, అందులో వాడి పాత్ర ఏముంది?

ఉచిత పథకాలు మనిషి గౌరవాన్ని తగ్గిస్తాయా?

ఇచ్చే తీరును బట్టి ఉంటుంది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడూ ఇదే వాదన. ఎలిజబెత్ ఆండర్సన్ అనే అమెరికన్ తత్వవేత్త 1999లో ఒక వ్యంగ్యం రాసింది. ప్రభుత్వం చెక్కుతో పాటు ఉత్తరం పంపుతుంది: మీకు తెలివితేటలు తక్కువ కాబట్టి, మీరు అందంగా లేరు కాబట్టి ఈ సాయం. డబ్బు అందింది, మనిషి చచ్చాడు.

2005 ఉపాధి హామీ చట్టంలో నాకు నచ్చింది కూలి రేటు కాదు. పని అడగడం హక్కు అయింది, ఇవ్వకపోతే ప్రభుత్వం జవాబు చెప్పాల్సి వచ్చింది. అడుక్కోవడానికీ అడగడానికీ ఉన్న తేడా అది. అరటిపండు చేతిలో పెట్టి పదిమంది ఫొటో దిగితే, అటువైపు నిలబడ్డవాళ్లు తల దించుకునే ఉంటారు, ఎప్పుడైనా చూడండి.

గౌరవం ఖాళీ మాట అనే విమర్శకు జవాబుందా?

ఉంది గానీ పూర్తిగా లేదు. రూత్ మాక్లిన్ అనే నీతిశాస్త్రవేత్త 2003లో ఇది పనికిరాని భావన అని రాసింది. వైద్యంలో దీని పేరుతో చెప్పేదంతా రోగి ఇష్టాన్ని మన్నించడమేనంది. ఫ్రాన్స్ కేసు చూశాక ఆ అనుమానం తప్పనలేం, ఇద్దరూ అదే మాటతో వాదించారు.

అయితే అవమానం ఏమిటో మాత్రం ఎవరికీ నిర్వచనం అక్కర్లేదు. 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణం ముసాయిదాలో మగవాళ్లకు వాడే మాట ఉంటే, మన హంసా మెహతా పట్టుబట్టి మనుషులందరూ అని మార్పించింది. పాత మాటలో ఆడవాళ్లు కూడా ఉన్నారులే అన్నవాళ్లకు ఆ తేడా కనిపించలేదు, ఆమెకు కనిపించింది.

ఇంట్లో పనిమనిషికి వేరే గ్లాసు పెడతాం. అదీ ఇందులోకి వస్తుందా?

వస్తుంది. క్లాసులో ఈ ప్రశ్న చాలా నెమ్మదిగా, చివరి బెంచీ నుంచి వచ్చేది. శుభ్రత కోసం అంటారు. శుభ్రతే అయితే, ఆమె కడిగిన గిన్నెల్లోనే మనం తింటున్నాం.

మా ఇంట్లోనూ ఉండేది. వంటింటి కిటికీ గట్టు మీద అంచు సొట్టపడిన స్టీలు గ్లాసు. నాకు పదమూడు పద్నాలుగేళ్లప్పుడు దాహమేసి అందులో నీళ్లు తాగబోతే అమ్మ చేయి పట్టుకుంది. "అది వాళ్లది" అంది. ఆమెకు తెలిసిన మర్యాద ప్రకారం ఆమె తప్పేమీ చేయలేదు, పనమ్మాయికి మాతో సమానంగానే టీ పోసేది. చాలా ఏళ్ల తర్వాత ఇల్లు మారేటప్పుడు ఆ గ్లాసు సామాన్లలో కనిపించింది. ఏ డబ్బాలో సర్దాలో కాసేపు ఎవరికీ తోచలేదు.